కర్చీఫ్ చెల్లుతుంది

రాజరత్నం గారి గురించి చెప్పాలంటే ముందు ఈ ఒక్క సంగతి చెప్పాలి. ఖాళీ సీటు కనిపిస్తే దాని మీద కర్చీఫ్ వేయకుండా ఉండడం ఆయనకు చేతకాదు.

ఇందులో వింతేముంది అంటారేమో. బస్సు ఆగకముందే కిటికీలోంచి కర్చీఫ్ విసిరి సీటు పట్టడం ఏలూరు, తాడేపల్లిగూడెం వైపు పుట్టినవాళ్లకు ఉగ్గుపాలతో అబ్బే విద్య. కర్చీఫ్ లేనివాళ్లు తువ్వాలు వేస్తారు, తువ్వాలు లేనివాళ్లు చెప్పు వేస్తారు. ఒకసారి కైకలూరు బస్సులో ఎవరో చేపల సంచీ పెట్టి వెళ్లిన సీటు చూశాను. దాని జోలికే కాదు, పక్క సీటు జోలికి కూడా ఎవరూ పోలేదు. అయితే వాళ్లంతా ఎక్కడికో వెళ్లాలి కాబట్టి వేస్తారు. రాజరత్నం గారు ఎక్కడికీ వెళ్లరు. పొద్దున్నే స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని బస్టాండుకు వస్తారు. విజయవాడ బస్సులో ముందు వరుస రెండు సీట్లకు కర్చీఫులు వేస్తారు. బస్సు కదిలే ముందు ఆ సీట్లు ఎవరికో అప్పగించి, కర్చీఫులు దులిపి మడిచి జేబులో పెట్టుకుని, ఇంటికెళ్లి ఇడ్లీ తింటారు.

"ఎందుకండీ ఈ శ్రమ?" అని ఒకసారి అడిగాను.

"అలవాటండీ. మీరు పొద్దున్నే వాకింగుకి వెళ్తారు కదా, ఎక్కడికెళ్తున్నారని నేనడిగానా?" అన్నారు.

రిటైరయ్యే దాకా ఆయన ఆర్టీసీ కండక్టరు. ముప్పై ఒక్క ఏళ్ల సర్వీసు. బస్సులో సీటు తగాదా వస్తే టికెట్లు కొట్టడం ఆపేసి, బ్యాగు పొట్ట మీదికి సర్దుకుని, సాక్షులను పిలిచి విచారణ జరిపేవారట. ఆయనకు ఒక చట్టం ఉంది. ఇంజిను స్టార్టయ్యేలోపు సొంతదారు వస్తే కర్చీఫ్ చెల్లుతుంది. తువ్వాలు ఎంత పొడుగున్నా సీటు ఒక్కటే. న్యూస్‌పేపరు చెల్లదు, ఎవరో ఒకరు తీసి చదువుతారు కాబట్టి. గొడుగు వానాకాలంలోనే చెల్లుతుంది. చంటిపిల్లను పడుకోబెట్టి వెళ్తే సీటు చెల్లుతుంది గానీ తల్లికి తిట్లు తప్పవు.

"నా సర్వీసు మొత్తంలో ఒక్క తీర్పు తిరగబడలేదండీ," అని ఇప్పటికీ ఛాతీ విరుచుకుంటారు. "డిపో మేనేజరు దాకా వెళ్లినవాళ్లున్నారు. ఆయన ఫైలు చూసి, రాజరత్నం అన్నాడంటే అంతే, పొమ్మన్నారు."

ఉద్యోగం పోయింది గానీ కర్చీఫ్ పోలేదు. ఉండిలో బంధువుల పెళ్లికి వెళ్లి, స్టేజీ మీద పెళ్లికొడుకు కోసం వేసిన సింహాసనం లాంటి కుర్చీ మీద కర్చీఫ్ వేశారు. పెళ్లికొడుకు సూటూ బూటూ వేసుకుని వచ్చి, ఆ కర్చీఫ్‌ని చూసి, నలుగురు చుట్టాల మధ్య నిలబడిపోయాడు. మన జిల్లా పిల్లాడు కదా, తీసి కూర్చోవడానికి చెయ్యి రాలేదు.

పెళ్లికొడుకు మేనమామ వెస్లీ గారు మండిపడ్డారు. "ఏవండీ, ఇది పెళ్లికొడుకు సీటండీ!"

"తెలుసండీ. అందుకేగా కాపాడుతున్నాను. ఆ ఫొటోగ్రాఫరు రెండుసార్లు ఇటే చూశాడు," అంటూ రాజరత్నం గారు కర్చీఫ్ తీసి, కుర్చీ తుడిచి, "రండి బాబూ, మీదే. ధైర్యంగా కూర్చోండి," అన్నారు.

చర్చివాళ్లంతా కొల్లేటిలో పక్షులు చూద్దామని ఆటపాక వెళ్లినప్పుడు పడవలో ఐదు చోట్లకూ ఐదు కర్చీఫులు వేశారు. ఆ పడవ ఎక్కాల్సింది ఐదుగురే. ఇక్కడ పోటీ ఎవరండీ అని అడిగితే, గట్టు మీదున్న పెలికాన్ పక్షిని వేలెత్తి చూపించారు. "దాని చూపు చూడండి. ఎక్కేసేలా ఉంది."

ఆయన భార్య వరమ్మ గారు ఈ విషయంలో ఎప్పుడో రాజీపడిపోయారు. "పరలోకంలో నాకు సీటు బెంగ లేదు బాబూ," అంటారావిడ. "ఆయన ముందెళ్తే వేసుంచుతారు. నేను ముందెళ్తే నా చేతికిచ్చి పంపుతారు."

ఇంతకీ నేనెవరినంటే, పేరు మోయిన్. ఏలూరు పాత బస్టాండు దగ్గర మందుల షాపు నాది. షాపు ముందు ఒకే ఒక్క స్టూలుంటుంది. దాని మీద ఒకే ఒక్క కర్చీఫ్ ఉంటుంది. ఎవరిదో చెప్పక్కర్లేదు. బలంగా ఉన్నవాళ్లందరూ దాన్ని చూసి మర్యాదగా నిలబడే మందులు కొనుక్కుంటారు. ఈలోగా ఆయన ఎవరో ఒకరిని రమ్మని పిలిచి, కర్చీఫ్ తీసి కూర్చోబెడతారు. స్టూలు నాది, పెత్తనం ఆయనది. చాలాసార్లు విసుక్కున్నాను కూడా.

ఇక మా అమ్మ షంషున్నీసా సంగతికొస్తాను. మా నాన్న జిలానీతో కలిసి సంతల్లో గాజులమ్మి నన్ను ఫార్మసీ చదివించిన మనిషి. పోయినేడాది ఆవిడకు రొమ్ము క్యాన్సర్ అని తేలింది. ఆపరేషన్ అయింది, సెలైన్లు ఎక్కించడం అయింది, రాలిన జుట్టు మళ్లీ వచ్చింది. చివర్లో డాక్టరమ్మ రోజుకో మాత్ర చొప్పున ఐదేళ్లు వేసుకోమని రాసింది. పేరు టామోక్సిఫెన్. మా అమ్మ ఎముకలు గుల్లబారాయని స్కానింగులో తేలింది కాబట్టి, ఉన్న మందుల్లో ఆవిడకు ఇదే నయమని ఏరి మరీ రాసింది. జబ్బు తిరిగి రాకుండా కాపలా ఉండేది ఆ మాత్రే.

డిసెంబరులో ఒక పొద్దున మా ఇంటి వసారాలో గులాబీ కుండీకి నీళ్లు పోస్తుంటే, మట్టిలోంచి తెల్లగా ఏవో పైకి తేలాయి. చూస్తే మాత్రలు. నా షాపువే.

"అమ్మీ! ఏంటివి?"

మా అమ్మ చలిలో ఫ్యాను ఐదు మీద పెట్టుకుని, మెడకు తడి తువ్వాలు చుట్టుకుని కూర్చుంది. ఆ మాత్ర మొదలైనప్పటి నుంచి ఒంట్లో ఉన్నట్టుండి సెగలు రేగి, చెమటలు పట్టేవి. కీళ్లు పట్టేసేవి.

"పారేయడానికి మనసొప్పలేదురా. మొక్కకి వేశాను," అంది.

"ఎన్నాళ్ల నుంచి?"

"మూడు వారాలు. ఒరేయ్, నిన్నొకటి అడుగుతాను చెప్పు. నా జబ్బు హార్మోను తిని పెరుగుతుందని డాక్టరమ్మ చెప్పిందా లేదా?"

"చెప్పింది."

"ఈ మాత్రని ఏమన్నారు?"

"హార్మోన్ థెరపీ అన్నారు."

"మరి? దొంగకి నా చేత్తో నేనే అన్నం పెట్టమంటావా?"

నేను గంటసేపు చెప్పాను. అది హార్మోను కాదన్నాను. రిసెప్టర్లన్నాను, మాడ్యులేటర్లన్నాను, కాగితం మీద బొమ్మ కూడా గీశాను. మా అమ్మ బొమ్మ చూసి, వంకాయ బాగుందిరా అంది. పెరటి చెట్టు మందుకు పనికిరాదన్నట్టు, ఊరందరికీ మందులు చెప్పే నా మాట ఇంట్లో చెల్లలేదు. డాక్టరమ్మతో ఫోన్లో మాట్లాడిస్తే ఆవిడతో సరేనంది. మర్నాడు కుండీలో ఇంకో మాత్ర.

ఆ రోజు షాపులో నా మొహం చూసి రాజరత్నం గారు ఏమైందని అడిగారు. ఎవరితోనైనా చెప్పుకుంటే గానీ ఉండలేని స్థితిలో ఉన్నాను. చెప్పేశాను.

"అసలా మాత్ర ఏం చేస్తుంది బాబూ?" అన్నారు.

"కణాల్లో రిసెప్టర్లని ఉంటాయండీ. హార్మోను వచ్చి అంటుకునే చోట్లు."

"సీట్లు."

"సీట్లే అనుకోండి. ఈస్ట్రోజన్ అనే హార్మోను వచ్చి అందులో కూర్చుంటే ఆ కణం పెరగడం మొదలెడుతుంది. ఈ మాత్ర ముందే వెళ్లి ఆ చోటు పట్టుకుంటుంది. అప్పుడు హార్మోను వచ్చినా చోటుండదు."

"మాత్ర కూర్చుంటే మాత్రం బండి కదలదా?"

"రొమ్ములో కదలదండీ. చోటు ఆపుతుందంతే, పని చేయించదు."

రాజరత్నం గారు లేచి నిలబడ్డారు. జేబులోంచి ఒకటి తీసి నా కౌంటరు మీద పరిచారు. "మరి ఆ ముక్క చెప్పరేం బాబూ? కర్చీఫ్!"

నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే నవ్వు ఆగిపోయింది. ఎందుకంటే అది అక్షరాలా నిజం. అయినా నా చదువు ఊరుకోనివ్వలేదు. "అంత సులువు కాదండీ. ఎముకల్లో ఇదే మాత్ర హార్మోను లాగే పనిచేసి బలాన్నిస్తుంది. అక్కడ బండి కదులుతుంది."

ఆయన క్షణం కూడా తడుముకోలేదు. "అది డ్రైవర్ని బట్టండీ. ఒక డ్రైవరు మనిషి కూర్చుంటేనే గాని బండి తీయడు. ఇంకో డ్రైవరు అద్దంలోంచి కర్చీఫులు చూసి, ఓహో నిండిపోయిందనుకుని తీసేస్తాడు. గుడ్డ ఒకటే, సీటు ఒకటే. డ్రైవరు వేరు."

కాలేజీలో ఇదే సంగతి మా లెక్చరరు మూడు క్లాసులు చెప్పారు. నాకు అర్థం కాలేదు. ఆ రోజు అర్థమైంది.

"మరి ఈ సెగలేంటి?" అన్నారాయన.

"తలలో ఒంటి వేడిని చూసుకునే చోటొకటుందండీ. దానికీ హార్మోను కావాలి. అక్కడ కూడా మాత్ర అడ్డుపడేసరికి వేడి గాడి తప్పుతుంది."

"అంటే అక్కడి ప్రయాణికులు కిటికీ దగ్గర గొడవపడుతున్నారన్నమాట. పదండి, మీ అమ్మగారితో నేను మాట్లాడతాను."

నేను వద్దన్నాను. కారణముంది. మా అమ్మకూ ఆయనకూ ఇరవై ఆరేళ్లుగా మాటల్లేవు.

అప్పట్లో మా అమ్మ గాజుల బుట్టతో జంగారెడ్డిగూడెం సంతకు బయల్దేరింది. కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు పట్టింది. ఇంజిను స్టార్టవ్వకముందే ఎక్కింది. చూస్తే ఆ సీట్లో, ఆ కర్చీఫ్ మీదే, ఎవరో ఆవిడ కూర్చుని ఉంది. లెమ్మంటే లేవదు, మాట్లాడదు. ఏ చట్టం ప్రకారం చూసినా సీటు మా అమ్మదే. కండక్టరు రాజరత్నం గారు వచ్చి, ఇద్దరినీ చూసి, "గుడ్డకి టికెట్టు కొట్టనమ్మా. కూర్చున్న మనిషిదే సీటు," అని తీర్పిచ్చారు. అమ్మ తడికలపూడి, కామవరపుకోట, అన్నీ దాటుకుంటూ రెండు గంటలు బుట్టతో నిలబడింది. దారిలో బ్రేకు పడి మూడు డజన్ల గాజులు పగిలాయి. గాజులు పగిలినందుకు కాదు, అందరికీ ఒక చట్టం తనకొక చట్టమా అని ఆవిడ మంట.

అయినా ఆయన ఆగలేదు. సాయంత్రం మా ఇంటికి వచ్చారు. అమ్మ ఆయనకు కుర్చీ చూపించలేదు. జీవితమంతా జనాన్ని కూర్చోబెట్టిన మనిషి మా హాల్లో నిలబడే బస్సు కథ మొత్తం చెప్పారు. జబ్బు కణమనే బస్సు ఎక్కడైనా ఒకటి దాక్కుని ఉండొచ్చన్నారు. సీట్లు నిండితే అది కదులుతుందన్నారు. ఈ మాత్ర హార్మోను కాదని, హార్మోను సీటు మీద వేసే గుడ్డ అని చెప్పారు. రోజూ బస్సు పెడతారు కాబట్టి రోజూ గుడ్డ వేయాలన్నారు. గర్భసంచిలో మాత్రం డ్రైవరు కొంచెం తొందరపాటు మనిషని, ఎప్పుడైనా రక్తం కనిపిస్తే వెంటనే డాక్టరమ్మకు చెప్పాలని, ఎలాగూ ఆగరని తెలిసి నేను చెప్పమన్న మాట కూడా మరిచిపోకుండా చెప్పారు.

మా అమ్మ మొహం మారింది. మొదటిసారి ఆవిడకు అర్థమైందని నాకు తెలిసిపోయింది. లోపల సంతోషపడబోయాను.

"అంతా బాగానే ఉంది కండక్టరు గారూ," అంది అమ్మ. "గుడ్డ వేసినంత మాత్రాన సీటు ఆగుతుందా?"

"ఎందుకాగదండీ? భేషుగ్గా ఆగుతుంది."

"జంగారెడ్డిగూడెం బస్సులో ఆగిందా?"

అమ్మ అంతటితో వదల్లేదు.

"గుడ్డకి టికెట్టు లేదన్నది మీరేగా? మీ తీర్పు ఒక్కటీ తిరగబడలేదని ఊరంతా చెప్పుకుంటారుగా? గుడ్డకి విలువ లేనప్పుడు ఈ మాత్రకీ లేదు. నేను వేసుకోను."

నాకు ఏడుపొచ్చింది. ఇరవై ఆరేళ్ల నాటి బస్సు తగాదా మీద మా అమ్మ ప్రాణం వచ్చి ఆగింది. రాజరత్నం గారి వైపు చూశాను. ఆయన కర్చీఫ్‌తో నుదురు తుడుచుకున్నారు. కిటికీలోంచి బయటికి చూశారు.

"ఆ తీర్పు తప్పండీ," అన్నారు చివరికి.

"ఏమన్నారు? సరిగ్గా వినపడలేదు." మా అమ్మకు పక్కింట్లో గిన్నె పడ్డా వినపడుతుంది.

"తప్పు తీర్పిచ్చానండీ. మీ కర్చీఫ్ చెల్లుతుంది."

"రాసివ్వండి."

నా షాపు బిల్లు కాగితం వెనక ఆయన నిలబడే రాశారు. "జంగారెడ్డిగూడెం బస్సులో షంషున్నీసా గారు వేసిన కర్చీఫ్ చెల్లును. అప్పటి తీర్పు తప్పు." అమ్మ కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివింది. తేదీ వేయించింది. సంతకం కింద హోదా రాయమంది. ఆయన 'కండక్టరు, రిటైర్డ్' అని రాశారు. అమ్మ ఆ కాగితం బీరువా తలుపుకు అంటించి, మంచినీళ్లు తెప్పించుకుని, మాత్ర వేసుకుంది. అప్పుడు, "నిలబడే ఉన్నారేంటండీ? కూర్చోండి. మోయిన్, ఆయనకి టీ పెట్టించు," అంది.

ఆ రోజు నుంచి ఒక్క మాత్ర తప్పలేదు. సెగలు పూర్తిగా తగ్గలేదు గానీ, వచ్చినప్పుడు భయపడడం మానేసింది. చూడు, కిటికీ దగ్గర మళ్లీ కొట్టుకుంటున్నారు అంటూ విసనకర్ర అందుకుంటుంది. మొన్న చెకప్‌లో అంతా బాగుందన్నారు. ఆ సంతోషంలో మా అమ్మ బిర్యానీ వండి, క్యారేజీ నా చేతికిచ్చి రాజరత్నం గారింటికి పంపింది. ఓడిపోయినవాళ్లను ఆదరించాలిరా అని కూడా అంది.

వెళ్లేసరికి ఆయన ఇంట్లో లేరు. వరమ్మ గారు క్యారేజీ అందుకుని, కాగితం సంగతి విని, మంచం మీద కూలబడ్డారు.

"ఆయన తప్పని రాసిచ్చారా? ఆ తీర్పే?"

"అవునండీ."

"అది తప్పు తీర్పు కాదు బాబూ." వరమ్మ గారు క్యారేజీ ఒళ్లో పెట్టుకుని చెప్పారు. "ఆ సీట్లో కూర్చున్నావిడకి ఆపరేషనై నాలుగు రోజులయ్యింది. మీ అమ్మగారికయిన ఆపరేషనే. కొంగు కింద కట్టు కనపడకుండా కప్పుకుని, ఒంటరిగా ఊరెళ్తోంది. లేవలేనండీ, నలుగురిలో చెప్పకండీ అని ఈయన్ని గుసగుసగా బతిమాలిందంట. అందుకని ఈయన నోరు మూసుకుని, గుడ్డకి టికెట్టు లేదని అడ్డంగా మాట్లాడి, మీ అమ్మగారితో తిట్లు తిన్నారు. ఆ రోజు ఇంటికొచ్చి అన్నం తినలేదు. లేవలేనివాళ్లు ఒకర్ని బతిమాలుకునే పని లేకుండా సీటు ముందే ఉండాలి వరమ్మా అన్నారు. ఆ మర్నాడే డజను కర్చీఫులు కొనుక్కొచ్చారు."

పొద్దున్నే విజయవాడ బస్సులో ఆ రెండు సీట్లు ఎవరికి అప్పగిస్తున్నారో నేనెప్పుడూ చూడలేదు. చేతిలో పెద్దాసుపత్రి ఫైలున్న మనిషి కనిపించే దాకా ఆయన బస్సు దిగరట. నా స్టూలు మీద ఆయన కూర్చోబెట్టినవాళ్ల మొహాలు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. అందరూ నీరసంగా, గోడ పట్టుకుని వచ్చినవాళ్లే. మందులిచ్చేది నేను, వాళ్లను చూసింది ఆయన. నాకు సిగ్గేసింది.

అంతలో రాజరత్నం గారు వచ్చారు. భార్య మొహం, నా మొహం చూసి సంగతి గ్రహించేశారు.

"మా అమ్మకి ఇప్పుడే చెప్పేస్తానండీ," అన్నాను లేస్తూ. "ఇరవై ఆరేళ్లు మిమ్మల్ని తిట్టుకుంది. నిజం తెలిస్తే కాళ్లు పట్టుకుంటుంది."

"అయ్యో, వద్దు బాబూ!" ఆయన గుమ్మానికి అడ్డం నిలబడ్డారు. "నిజం తెలిస్తే మీ అమ్మగారు ఏమంటారు? పాపం, మీ తీర్పే న్యాయమండీ అంటారు. అంటే కర్చీఫ్ చెల్లనట్టే కదా? కర్చీఫ్ చెల్లకపోతే మాత్ర?"

నేను మళ్లీ కూర్చున్నాను. మా అమ్మ సరిగ్గా అలాగే ఆలోచిస్తుంది.

"మరెప్పుడు చెప్పమంటారు?"

"కోర్సు ఐదేళ్లన్నారుగా? అది అయిపోనీయండి. ఆ మర్నాడు చెప్పండి. అప్పటిదాకా నేను తప్పే చేశాను," అని ఆయన క్యారేజీ మూత తీసి, బిర్యానీ వాసన చూసి, "ఓడిపోవడం కూడా బాగానే ఉందండోయ్," అన్నారు.

ఇంకా నాలుగేళ్ల రెండు నెలలుంది. ఇది అచ్చయిన రోజున మా అమ్మ కళ్లజోడు నేను దాచేస్తాను, ఆ సంగతి నాకొదిలేయండి. మీలో ఎవరైనా ఏలూరు వచ్చి మా ఇంటికి వెళ్తే ఆవిడ ముందు బీరువా దగ్గరికి తీసుకెళ్లి ఆ కాగితం చూపిస్తుంది. శ్రద్ధగా చదవండి. చదివి, ఆ కండక్టరుది ఘోరమైన అన్యాయమని గట్టిగా తిట్టండి. ఆయన ఏమీ అనుకోరు.